పదిహేడో నంబరు

హాల్లోంచి వంటింటికి పోయేటప్పుడు లింగమూర్తి ఒకచోట కొంచెం పక్కకు జరిగి నడుస్తాడు. అక్కడేమీ ఉండదు. నున్నటి తెల్ల బండలు, వాటి మీద సాయంత్రం దాకా కిటికీ వెలుగు. మేనేజరుగారి బల్ల ఒక వారగా ఉంటుంది. దానికీ గోడకూ మధ్య నలుగురు నడిచేంత దారి. అయినా చేతిలో గ్లాసుల పళ్ళెం ఉన్నా, ఖాళీ చేతులతో ఉన్నా, ఆ చోటికి రాగానే అరడుగు ఎడమకు ఒరిగి మళ్ళీ దారిలోకి వస్తాడు.

"ఏంది పెద్దన్నా, ఆడ గుంజ పాతినట్టు తిరిగి పోతవ్?" అని ఆ సోమవారం కూడా అడిగాడు రవీందర్. బోరబండ నుంచి సైకిలు మీద వచ్చి వంట చేసిపోతాడతను. నోరు ఊరికే ఉండదు.

"కాలుకు అలవాటు" అన్నాడు లింగమూర్తి.

మాదాపూర్ గుట్ట మీద ఆ కంపెనీ గెస్ట్‌హౌసు కట్టి ఏడాదిన్నర అయింది. మేడ మీద నిలబడితే కొత్త గుండ్రటి బిల్డింగు అద్దాలు కనిపిస్తాయి. లింగమూర్తి గ్లాసులు కడుగుతాడు, తుడుస్తాడు, అందిస్తాడు. ఇంకా టెంపరవరీయే. "గురువారం భోజనాలు సవ్యంగా గడవనీవయ్యా, నీ పేరు పర్మినెంటు కాయితంలో ఎక్కిస్తాను" అని మేనేజరు యజ్ఞనారాయణగారు పొద్దున్నే చెప్పాడు. తెనాలి ప్రాంతం మనిషి. మాట ఇస్తే రెండుసార్లు ఇస్తాడు. ఇది కూడా రెండోసారి చెప్పాడు.

పదకొండు గంటలకు ఆఫీసు నుంచి లోహిత్ వచ్చాడు. ముప్ఫై నిండని కుర్రాడు. మెడలో ఫొటో ఉన్న ఆఫీసు కార్డు వేళ్ళాడుతూ ఉంటుంది. వెంట ఒక చెక్క పెట్టె తెచ్చాడు. మేకులు పీకి గడ్డి తీస్తే లోపల నాలుగు సీసాలు. నాలుగూ ఒకే అచ్చు, ముదురాకుపచ్చ గాజు. కాగితం చీటీలు చూస్తే తప్ప ఏది ఏదో తెలియదు.

"ఫ్రాన్స్ నుంచి సాంపిల్స్ పంపించారు సార్. ఆపిల్ బ్రాందీ. వాళ్ళ గోదాముల్లో పీపాల లెక్క మొత్తం మన కంప్యూటర్ ప్రోగ్రాంలోకి రావాలి. గురువారం వచ్చే పెద్దాయన ఈ వ్యాపారంలోనే ముసలివాడయ్యాడు. భోజనం తర్వాత ఈ నాలుగింట్లో ఒకటి మనమే ఏరి తనకు ఇవ్వాలని చెప్పి పంపాడు. తమ సరుకు మనకు అర్థమైందా లేదా అని చూస్తాడన్నమాట."

"అర్థం కాకపోతే?"

"సంతకం పెట్టకుండా వెళ్ళినా వెళ్తాడు."

యజ్ఞనారాయణ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. మీగడ పెరుగులో పంచదార వేసుకుని తిన్నా పాపమేమో అనుకునే మనిషి.

లోహిత్ పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం విప్పి, ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెప్పుకుపోయాడు. ఆపిల్ రసం పులియబెడతారు. పులిసినదాన్ని కాస్తారు. కాచినదాన్ని చెక్క పీపాల్లో పోసి ఏళ్ళ తరబడి పెడతారు. పీపాలో పడ్డ కొద్దీ పండు వాసన వెనక్కు పోయి, చెక్క వాసన, ఎండుపండ్ల వాసన ముందుకొస్తాయి. ఈ నాలుగింట్లో ఒకటి కుండబట్టీలో రెండుసార్లు కాచి పన్నెండేళ్ళు పీపాలో ఉంచింది. ఒకటి ఆపిల్‌తోబాటు బేరిపండ్లు కలిపి ఒక్కసారే కాచింది. ఒకటి రెండేళ్ళ పసిది, ఇంకా పచ్చి ఆపిల్ వాసన వదలనిది. నాలుగోది అమెరికా పద్ధతి. అందులో ఆపిల్‌ది మూడో వంతే, మిగతాదంతా ధాన్యం నుంచి తీసిన స్పిరిట్.

నాలుగు గ్లాసుల్లో మూత నిండా ఒక్కొక్కటి వంచాడు. వరస తనే కలగాపులగం చేసి, తనే కనుక్కోవాలని చూశాడు. వాసన చూశాడు. నాలుక తడిపాడు. రెండో గ్లాసుకే ముక్కు నిండిపోయి దగ్గాడు.

"ఇదే సార్ ముసలిది" అన్నాడు చివరికి, అన్నింటికన్నా నల్లటి రంగున్న గ్లాసు ఎత్తి. "పన్నెండేళ్ళు చెక్కలో ఉంటేగానీ ఇంత రంగు రాదు."

లింగమూర్తి అవతల గ్లాసులు కడగడానికి తీసుకుంటున్నాడు. ఆ గ్లాసు కూడా అందుకుని నీళ్ళ కింద పెట్టబోయి ఆగాడు. ముక్కు దగ్గరకు తెచ్చుకోలేదు. రొమ్ము దాకా తెచ్చి, వాసన తనంత తాను పైకి వచ్చేదాకా చూశాడు.

"గిది ముసల్ది గాదు సార్. రంగేసిన్రు."

లోహిత్ పుస్తకం తిరగేశాడు. రంగు కోసం మాడ్చిన చక్కెర కలుపుతారని ఒక మూల సన్నక్షరాల్లో ఉంది. సీసా మీద చీటీ చూశాడు. అమెరికా పద్ధతిది.

"నీకెలా తెలుసు?"

"ముందుగాల గట్టిగొస్తది. ఎన్కకు సూస్తే ఏం లేదు."

మిగతా మూడు గ్లాసులు అతని ముందుకు జరిపాడు లోహిత్. లింగమూర్తి చెయ్యి తుడుచుకుని ఒక్కొక్క చుక్క మణికట్టు మీద వేసుకుని, రెండో మణికట్టుతో రుద్ది, ఆరేదాకా కిటికీ బయటికి చూశాడు. ఆరినాక వాసన చూశాడు. పసిదాన్ని పసిదన్నాడు. ఇంకోదాన్ని పట్టుకుని, "ఇండ్ల ఆపిలొక్కటే లేదు సార్. ఇంకో పండున్నది. నీళ్ళ పండు" అన్నాడు. మూడోదాని దగ్గర మాత్రం మణికట్టు చాలాసేపు ముక్కు కిందే ఉంచుకున్నాడు. ఆ గ్లాసును విడిగా పెట్టాడు.

"నోట్లో పోసుకోవా?" అన్నాడు లోహిత్.

"పోసేటోడు తాగొద్దు సార్. గీసినోడు తాగితే చెట్టు జాడ దెల్వదు."

యజ్ఞనారాయణ రుమాలు తీసి నవ్వాడు. "కల్లు గీసిన చెయ్యి కదండీ లోహిత్‌గారూ. మనకు పుస్తకం కావాలి, వీడికి అక్కర్లేదు."

గురువారం తను ఏది అడిగితే అది తేవాలని లోహిత్ చెప్పి వెళ్ళాడు. చీటీల మీది అక్షరాలు లింగమూర్తికి రావు. అంకెలు వస్తాయి. ఒకప్పుడు ఎక్సైజువాళ్ళు అతను గీసే ఒక్కొక్క తాడిచెట్టు మొదట్లో తారు పూసి, దాని మీద తెల్లరంగుతో అంకె వేసి పోయేవాళ్ళు. అవి చూసి నేర్చుకున్నవే. గేటుకు నంబరు రాయగా మిగిలిన తెల్లరంగు డబ్బా మెట్ల కింద ఉంది. సన్నటి పుల్ల చివర నలగ్గొట్టి, రంగులో ముంచి, నాలుగు సీసాల భుజాల మీద నాలుగు అంకెలు వేశాడు. పన్నెండేళ్ళదాని మీద పదిహేడు. పదిహేడో చెట్టు అన్నింట్లోకీ ముసలిది. రోజంతా కారినా చెట్టుకు కట్టిన లొట్టి అడుగు దాటేది కాదు, ఆ కాస్తకే మనుషులు ఖాజాగూడ నుంచి నడిచి వచ్చేవాళ్ళు. బేరిపండ్లు కలిసినదాని మీద తొమ్మిది. తొమ్మిది తాడిచెట్టే అయినా, దాన్ని కరుచుకుని ఒక ఈతచెట్టు ఉండేది, రెండూ ఒకే లొట్టిలో పట్టేవాడు. పసిదాని మీద ముప్పై ఒకటి. రంగేసినదాని మీద నాలుగు. నాలుగో చెట్టు రోడ్డు పక్కది, దాని కల్లు పట్నం డిపోకు పోయేది. అక్కడ అందులో ఏం కలిపేవాళ్ళో అడగకూడదు.

అంకెలు ఆరేదాకా ఊది, సీసాలు అలమరలో పెట్టి ఇంటికి పోయాడు.

మంగళవారం పొద్దున అతను వచ్చేసరికి నాలుగు సీసాలూ మేనేజరు బల్ల మీద ఉన్నాయి. యజ్ఞనారాయణ ఒక సీసాను కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. ఆకుపచ్చ గాజులోంచి వెలుగు ఆయన ముఖం మీద పడుతోంది.

"ఏంటయ్యా ఈ లెక్క?"

"నంబర్లు సార్."

"అది నాకూ కనిపిస్తోంది. పదిహేడు, తొమ్మిది, ముప్పై ఒకటి, నాలుగు. ఎవరికి ఎన్నిసార్లు పోశావు? కల్లు దుకాణంలో గోడ మీద గీతలు గీసినట్టు సీసా మీదే రాసుకున్నావా?"

"చెట్ల నంబర్లు సార్."

"చెట్లెక్కడున్నాయయ్యా ఇక్కడ?" ఆయన సీసాను కిందకు దించి వేళ్ళు అడ్డం పెట్టి కొలిచాడు. "మిగతావి ఒక్క మూత తగ్గాయి. ఈ పదిహేడు రాసింది నాలుగు వేళ్ళు తగ్గింది. అన్నింట్లోకీ ఖరీదైంది. తాగినవాడికి రుచి తెలుసన్నమాట."

లోహిత్ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. కట్టుకున్న లేసునే విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. రెండో బూటుదీ విప్పాడు. తల ఎత్తలేదు.

లింగమూర్తి అటు ఒకసారి చూశాడు. తర్వాత బండల వైపు చూశాడు.

"పోసేటోడు తాగొద్దని నిన్న నువ్వే కదయ్యా చెప్పావు" అన్నాడు యజ్ఞనారాయణ. గొంతులో కోపం తక్కువ, కష్టం ఎక్కువ. "నేను నమ్మాను. మీగడను పిల్లికి అప్పజెప్పానని ఆఫీసులో నన్నంటారు. వద్దులే. రేపట్నించి రావద్దు."

రవీందర్ చేత రంగు కరిగే నూనె తెప్పించి గుడ్డతో అంకెలు తుడిపించాడు. పదిహేడులో ఏడు ఒక పట్టాన పోలేదు. గోటితో గీకితే పోయింది.

లింగమూర్తి వంటింట్లోకి పోయాడు. తొట్టిలో పద్నాలుగు గ్లాసులు ఉన్నాయి. అవి కడిగాడు. బోర్లించాడు. కంపెనీ బొమ్మ ఉన్న చొక్కా విప్పి, మడత పెట్టి, గ్లాసుల పక్కన పెట్టాడు. బనియను మీదే హాలు దాటాడు. ఆ చోటికి రాగానే కాలు దానంతటది ఎడమకు జరిగింది. ఈ నేల మీంచి అతన్ని పొమ్మనడం ఇది రెండోసారి. మొదటిసారి చెట్లు కోసే రంపాల చప్పుడయినా ఉంది.

బుధవారం అతని భార్య సత్తెమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతోంది. గింజ ఒక పక్క, ఈనెలు ఒక పక్క, పండు చాటలో. లింగమూర్తి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎండ జరిగి పాదాల మీదికి వచ్చింది. పాదాలు వెనక్కు తీసుకోలేదు.

"తాగినవా?" అంది సత్తెమ్మ.

"లే."

"అడిగిన్రా నిన్ను?"

"అడగలే. చెప్పిన్రు."

ఆమె రెండు కాయలు కొట్టింది. "నీకు నోరు లేదా?"

"చెట్ల నంబర్లని చెప్పిన."

"గదే చెప్పినవా. చెట్లు ఉన్ననాడు నంబర్లు చెప్పాలె. లేని చెట్లకు నంబర్లేందని ఎవడన్న అడుగుతడు." మళ్ళీ కొట్టింది. "ఇగ ఊరంత అంటది, లింగమూర్తి కంపెనీ సీసా మింగిండని. పక్కింటి బాలనర్సయ్య అప్పుడే అడిగిండు నన్ను, బావ ఇంటి కాడున్నడేంది వదినె అని."

"ఏమన్నవ్?"

"జరమొచ్చిందన్న."

అతను లేచి అటక మీంచి మోకు దించాడు. చెట్టెక్కే తాడు అది. మూడేళ్ళుగా ముట్టలేదు. ఒకచోట పురి వదిలింది. దాన్ని తొడ మీద పెట్టుకుని తిరిగి పురి పెట్టసాగాడు. వేళ్ళు తాడును పట్టుకున్నాయిగానీ పట్టుకున్నట్టు తెలియలేదు. మణికట్టు వాసన చూసుకున్నాడు. సోమవారంది ఏమీ మిగల్లేదు. సబ్బు వాసన కూడా లేదు.

"ఏం జేస్తవ్ దాన్ని పురి వెట్టి?"

"ఏం జెయ్య."

పురి పెట్టడం అయ్యాక మళ్ళీ అటక మీద పెట్టాడు. సత్తెమ్మ చాట దులిపి లోపలికి పోయింది.

గురువారం పది దాటాక ఖాజాగూడ సందులోకి స్కూటరు వచ్చింది. యజ్ఞనారాయణ దాన్ని స్టాండు వెయ్యబోయి, నేల మెత్తగా ఉంటే గోడకు ఆనించాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"లింగమూర్తీ, ఒక్కసారి రావాలయ్యా."

సత్తెమ్మ గడపలోంచి కదల్లేదు. "ఎందుకు సార్? ఇంకేమన్న తగ్గిందా?"

ఆయన ఆమె వైపు చూడకుండా జరిగింది చెప్పాడు. రవీందర్ పొద్దున్నే వచ్చి, మంచి చేద్దామనుకుని, నాలుగు సీసాలూ ఐసు తొట్టిలో పడేశాడు. బీరుకు చేసినట్టే చేశాడు. గంట తర్వాత చూస్తే చీటీలన్నీ ఊడి నీళ్ళ మీద తేలుతున్నాయి. ఏ చీటీ ఏ సీసాదో తెలియదు. లోహిత్ వాసన చూసి చూసి తల పట్టుకున్నాడు. ఒంటిగంటకు భోజనాలు.

"నంబర్లన్న ఉంటే తెలుస్తుండె" అంది సత్తెమ్మ.

యజ్ఞనారాయణ నేల చూశాడు. "నేనే తుడిపించానమ్మా."

"తాగిండని ఎల్లగొడ్తిరి. ఇప్పుడు మల్ల వాసన సూడనీకె గదే ముక్కు గావాల్నా?"

"సత్తెమ్మా" అన్నాడు లింగమూర్తి. అంతే అన్నాడు. లోపలికి పోయి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, స్కూటరు వెనక కూర్చున్నాడు. ఆమె ఇద్దరినీ చూస్తూ చింతగింజల బుట్ట ఎత్తి నడుముకు పెట్టుకుంది.

వంటింట్లో బిర్యానీ దమ్ము మీద ఉంది. రవీందర్ అతన్ని చూసి గరిటె కింద పెట్టాడు. "సల్లగుంటే మంచిగుంటదనుకున్న పెద్దన్నా" అన్నాడు. ఆ రోజుకు అతను మాట్లాడింది అదొక్కటే.

చీటీల్లేని నాలుగు సీసాలు బల్ల మీద ఉన్నాయి, తడి ఆరక. లింగమూర్తి నాలుగు గ్లాసులు వేడినీళ్ళలో ముంచి తీసి తుడిచాడు. చల్లటి సరుకు వాసన ఇవ్వదని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్కొక్కదాంట్లో వేలి మందం పోసి, అరచేత పట్టుకుని, వెచ్చబడేదాకా నిలబడ్డాడు. లోహిత్ గడియారం చూసుకున్నాడు. పన్నెండు దాటింది.

"నాలుగు" అన్నాడు లింగమూర్తి ఒకదాన్ని పక్కకు జరిపి. "ముప్పై ఒకటి."

మిగతా రెంటి దగ్గర ఆగిపోయాడు. ఒకదాని నుంచి ఇంకోదానికి, మళ్ళీ మొదటిదానికి. మణికట్టు మీద రుద్దాడు. రెండు రోజులు కూర్చున్న మనిషి ముక్కు కూడా కూర్చున్నట్టుంది. వాసన వస్తోంది, జాడ రావడం లేదు.

లోహిత్ సంచీ జిప్పు సగం తీశాడు. మూసేశాడు. మళ్ళీ తీశాడు. లోపల్నుంచి ఒక దగ్గుమందు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. అందులో సగానికి తేనె రంగు సరుకు ఉంది.

"ఇది... పన్నెండేళ్ళదాంట్లోదే" అన్నాడు. "ఐసు తగల్లేదు. దీంతో పోల్చి చూడు."

యజ్ఞనారాయణ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దగ్గుమందు సీసా చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఎప్పుడు తీసుకెళ్ళారండీ?"

"సోమవారం సాయంత్రం మళ్ళీ వచ్చినప్పుడు సార్. ఇంటి దగ్గర ప్రాక్టీసు చేద్దామని. చెబుదామనే అనుకున్నాను."

పొయ్యి మీద మూత చుట్టూ ఆవిరి ఈల వేస్తోంది. లింగమూర్తి దగ్గుమందు సీసా మూత తీసి, రొమ్ము దాకా తెచ్చి ఆగాడు. తర్వాత రెండు గ్లాసుల్లో ఒకదాన్ని ముట్టుకున్నాడు.

"పదిహేడు. గదేమో తొమ్మిది." సీసాల వైపు తిరిగాడు. "రంగు డబ్బా మెట్ల కింద ఉన్నది సార్."

యజ్ఞనారాయణ తనే వెళ్ళి తెచ్చాడు. పుల్ల చివర నలగ్గొట్టడం చేతకాక అలాగే ఇచ్చాడు. లింగమూర్తి దాన్ని పళ్ళతో నమిలి మెత్తబరిచి, అంకెలు మళ్ళీ వేశాడు.

అతిథులు ఆరుగురు. తలుపు సందులోంచి లింగమూర్తి ముసలాయన్నే చూస్తూ నిలబడ్డాడు. ఎర్రటి మెడ, పెద్ద చేతులు, వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. బిర్యానీ పక్కన వడ్డించిన మిర్చి సాలన్ కూర రుచి చూసి, మర్యాద కోసం రెండోసారి వడ్డించుకున్నాడు. ఆ తర్వాత నీళ్ళు తాగాడు. మళ్ళీ తాగాడు. పెరుగు గిన్నె దగ్గరకు లాక్కున్నాడు. కంటి కొసన తడి తుడుచుకున్నాడు.

లోహిత్ లోపలికి వచ్చాడు. "పదిహేడు పొయ్యి."

"వద్దు సార్. తొమ్మిది పోస్త."

"అన్నింట్లోకీ గొప్పది ఇవ్వొద్దా?"

"ఆయన నోరు కాలింది సార్. కాలిన నోటికి ముసల్ది పోస్తే మొద్దు మీద పోసినట్టే. తొమ్మిదిల నీళ్ళ పండున్నది, నాలుక సల్లవడ్తది. మల్లొచ్చిన్నాడు దోసకాయ పప్పో ఏదో సప్పగ పెట్టి, గప్పుడు పదిహేడు ఇయ్యుండ్రి. సీసాను సూసి పొయ్యొద్దు, మనిషిని సూసి పొయ్యాలె."

లోహిత్ గుమ్మంలోని యజ్ఞనారాయణ వైపు చూశాడు. ఆయన, "అతను చెప్పినట్టే కానివ్వండి" అన్నాడు.

ముసలాయన గ్లాసు అందుకుని చాలాసేపు తాగలేదు. తర్వాత తాగాడు. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని కాళ్ళు చాపాడు. సీసా తెప్పించుకుని, భుజం మీది తెల్ల అంకెను బొటనవేలితో తడిమి, లోహిత్‌ను ఏదో అడిగాడు. లోహిత్ మిరపకాయ కారం చూపిస్తూ, నాలుక చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పాడు. చెప్పి, వంటింటి వైపు చెయ్యి చూపించాడు. ముసలాయన అటు తిరిగాడు. అప్పటికి తలుపు మూసుకుంది. లింగమూర్తి తొట్టి దగ్గరకు పోయాడు.

మూడున్నరకు కార్లు వెళ్ళిపోయాయి. సంతకం అయిందని రవీందర్ చెప్పాడు. లింగమూర్తి గ్లాసులు కడుగుతున్నాడు. మడత పెట్టిన చొక్కా మంగళవారం పెట్టినచోటే ఉంది. అలమరలో నాలుగు సీసాలూ వరసగా ఉన్నాయి, అంకెలు బయటికి కనిపించేటట్టు.

యజ్ఞనారాయణ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏదో అనడానికే వచ్చాడు. కడిగిన గ్లాసు ఒకటి ఎత్తి వెలుగుకు పట్టి చూసి, దించాడు.

"చెట్లెక్కడున్నాయని అడిగాను కదయ్యా ఆ రోజు. చెప్పకపోయావా."

"సార్ అడిగింది చెప్పమని గాదు గద."

ఆయన ఆ గ్లాసును పళ్ళెంలో బోర్లించాడు. "పదిహేడెక్కడ ఉండేది?"

లింగమూర్తి తడిచేతి వేలితో తలుపు బయటికి చూపించాడు. "సార్ బల్ల ముంగట. కిటికీ ఎండ పడుతది సూడుండ్రి, ఆడ."

"రేపు ఎప్పట్లాగే ఏడింటికి రా" అన్నాడు యజ్ఞనారాయణ. కడిగిన గ్లాసుల పళ్ళెం తనే ఎత్తుకున్నాడు. లింగమూర్తి వద్దనేలోపే హాల్లోకి నడిచాడు. ఎప్పుడూ పళ్ళెం మోసిన మనిషి కాడు, గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి.

బల్ల ముందు ఎండ పడిన బండల దగ్గరకు వచ్చి ఆయన ఆగాడు. గ్లాసుల చప్పుడు ఆగింది. తర్వాత పళ్ళెం గుండెకు దగ్గరగా పట్టుకుని అరడుగు ఎడమకు జరిగి, చుట్టు తిరిగి, అలమర వైపు పోయాడు.

లింగమూర్తి చూశాడు. తొట్టిలో ఇంకొక గ్లాసు మిగిలింది, ముసలాయన తాగింది. దాన్ని రొమ్ము దాకా తెచ్చుకున్నాడు. కొంచెంసేపటికి వాసన వచ్చింది. అప్పుడు నీళ్ళ కింద పెట్టాడు.